రాకెట్టుకు ముందు కట్టిన ఇల్లు



ఆకసమునకు లేచు రాకెట్టును కన్నులార చూచుటకు మనకు దొరకు కాలము మిక్కిలి స్వల్పము. అగ్నిజ్వాల నేలను తాకుట, పొగ కమ్ముకొనుట, నేలయదరు ధ్వని ఆలసించి మన చెవిని చేరుట, మేఘములను చీల్చుకొని ఒక వెలుగు సముద్రముపైకి ఒరిగి మఱుగగుట, ఇవి యన్నియు కొన్ని నిమిషములలో ముగిసిపోవును. ఆ నిమిషములను గూర్చి పత్రికలు పుటలకొలది వ్రాయును. వానికి ముందు నెలల తరబడి సాగిన కూర్పుపనిని గూర్చియు, ఆ పనికి నీడనిచ్చిన కట్టడమును గూర్చియు వ్రాయుట అరుదు. ఛాయాచిత్రములలో ఆ కట్టడము దూరమున నిలిచిన తెల్లని గోడగా మాత్రమే కనబడును. నేడు నేను చెప్పదలచినది ఆ గోడ లోపలి సంగతి.

ఈ కట్టడములను వర్ణించువారు సాధారణముగా వాని పరిమాణముతో మొదలిడి పరిమాణముతోనే విరమింతురు. పరిమాణము అద్భుతమే, దానిని నేనును చెప్పెదను. కాని నా మనస్సును ఆకర్షించినది అంతకంటె ముందున్నది. ఓర్పుతో, వెలుతురులో, గాలివాన సోకని చోట చేయవలసిన పనిని, క్షణములో ఉగ్రముగా జరిగిపోవు పనినుండి విడదీసి, ఆ రెంటి నడుమ కొన్ని మైళ్ల నేలను విడిచి, మొదటిదానికి ఒక ఇల్లు కట్టవలెనని తోచిన ఆలోచనయే ఇందలి అసలు నిర్మాణము. ఉక్కు, కాంక్రీటు దాని వెనుక వచ్చినవి.

ఆ ఆలోచన ఫ్లోరిడా తీరమున ఎట్లు పుట్టెనో చూతము. 1961 మే 25వ తేదీన అధ్యక్షుడు జాన్ కెనెడీ అమెరికా చట్టసభల ఉమ్మడి సమావేశమున ప్రసంగించుచు, ఆ దశాబ్దము ముగియకమునుపే మనుష్యుని చంద్రునిపై దింపి క్షేమముగా తిరిగి తేవలెనను లక్ష్యమును ప్రకటించెను. అందులకు వలయు సాటర్న్ 5 రాకెట్టు అప్పటికి పూర్తిగా రూపు దిద్దుకొననేలేదు. తుదకు అది 363 అడుగుల పొడవును, అనగా 110 మీటర్లకు పైబడిన పొడవును, ఇంధనము నింపినపిమ్మట 2,900 టన్నులకు తక్కువగాని బరువును గలదై నిలిచెను. దాని మొదటి దశ న్యూ ఆర్లియన్స్ నగరమున మిషూ కర్మాగారములో తయారై పెద్ద పడవపై వచ్చెడిది. రెండవ దశ కాలిఫోర్నియాలో తయారై పనామా కాలువ మీదుగా సముద్రమార్గమున వచ్చెడిది. మూడవ దశను మోయుటకై వెడల్పైన కడుపు గల ఒక ప్రత్యేక విమానమునే సిద్ధపఱచిరి.

ఇన్ని దిక్కులనుండి వచ్చిన భాగములను ఎచ్చట కూర్పవలెను? అంతవఱకు ఆచారములో నున్న పద్ధతి తేలికయైనది: ప్రయోగవేదికమీదనే ఒక్కొక్క దశను ఎత్తి నిలిపి, దాని చుట్టు చక్రములపై కదలు ఒక ఉక్కు గోపురమును చేర్చి, పరీక్షలన్నియు అచ్చటనే జరిపి, తుదకు గోపురమును తొలగించి, అచ్చటనుండియే ప్రయోగించుట. కేప్ కెనవరల్‌లో సాటర్న్ 1 రాకెట్లను ఇట్లే కూర్చిరి. చిన్న రాకెట్టునకు ఇది చాలును. కాని ముప్పదియారు అంతస్తుల ఎత్తు గల రాకెట్టును నెలల కొలది సముద్రపుటొడ్డున నిలిపినచో, ఉప్పుగాలి దాని లోహమును తినును. పిడుగులకు పేరుమోసిన ఆ దేశమున ప్రతి వేసవి సాయంకాలమును ఒక భయమగును. హరికేన్ వచ్చుచున్నదని తెలిసిననాడు దానిని తీసికొనిపోయి దాచుటకు చోటు లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక్క రాకెట్టు కూర్పునకై వేదిక యంతయు నెలల కొలది చిక్కువడును. వేఱొక రాకెట్టు తన వంతునకై కాచుకొనియుండవలెను.

అమెరికా ప్రయోగకేంద్రమునకు అధిపతియైన కుర్ట్ డీబస్ ఈ ఆచారమును విడువవలెనని వాదించినవారిలో ప్రథముడు. ఆయన జర్మనీలో పీనెముండె తీరమున వి-2 రాకెట్ల పరీక్షలు జరిపిన అనుభవము గలవాడు. వేదికయొద్ద జాప్యమెట్లు పుట్టునో, ఒక చిన్న లోపమును సరిదిద్దుటకు ఎన్ని చేతులు ఎన్ని దినములు నిలిచిపోవునో ఎఱిగినవాడు. ఆయనయు, ఆయన సహచరులును ప్రతిపాదించిన పద్ధతి ప్రకారము రాకెట్టును ఒక భవనమున, కదలెడు వేదికపై, నిలువుగా కూర్పవలెను. పరీక్షలు అచ్చటనే జరుపవలెను. పిమ్మట రాకెట్టును, దాని ప్రక్కనున్న గోపురమును, వాని క్రింది వేదికను, ఒక్క తంతి కూడ విప్పకుండ, మూడున్నర మైళ్ల దూరమున నున్న ప్రయోగస్థలమునకు మోసికొనిపోవలెను. ఆ దూరము ఊరక నిర్ణయించినది కాదు. ఇంధనముతో నిండిన సాటర్న్ 5 వేదికమీదనే ప్రేలినచో కలుగు విధ్వంసమును లెక్కించి, భవనమునకును అందలి మనుష్యులకును హాని కలుగని యంత దూరమును విడిచిరి.

మోయుట ఎట్లు? కాలువ త్రవ్వి, నీటిమీద తేలు వేదికపై రాకెట్టును నడపవచ్చునని మొదట తలచిరి. నమూనాలతో పరీక్షింపగా, అంత ఎత్తైన భారము నీటిమీద నిలుకడగా నుండదనియు, తిప్పుట దుష్కరమనియు తేలెను. రైలుపట్టాల సంగతియు ఆలోచించిరి. తుదకు కెంటకీ రాష్ట్రపు బొగ్గుగనులలో భూమిని పెల్లగించు మహాయంత్రములు, ఉక్కుపలకల పట్టెలపై తమంతట తాము కదలుచు, పైభాగమును సమతలముగా నిలుపుకొనుచుండుట గమనించి, అట్టి నడకనే ఎన్నుకొనిరి. మేరియన్ పవర్ షవల్ అను సంస్థ నిర్మించిన ఆ వాహనములు రెండు. ఒక్కొక్కటి సుమారు 2,700 టన్నుల బరువు గలది. ఎనిమిది పట్టెలపై నిలుచును. బరువు మోయునప్పుడు గంటకు ఒక మైలుకు మించి నడువదు. ప్రయోగస్థలము చేరునప్పుడు నేల నూటికి ఐదు వంతుల వాలుతో ఎత్తునకు ఎక్కును. ఆ ఎక్కుడులో వాహనము వెనుకభాగమును పైకెత్తి, ముందుభాగమును దించి, పైనున్న రాకెట్టును నిట్టనిలువుగా నిలుపవలెను. మన ఊళ్లలో రథోత్సవమునాడు చక్రములక్రింద చప్టాలు వేయుచు, మలుపు వద్ద శిఖరము ఒరగకుండ కన్ను వేసియుంచు వారి ఆదుర్దా చూచినవారికి, ఆ వాహనమును నడుపువారి మనస్సు తెలియకపోదు.

ఇక భవనము. సైనిక ఇంజనీర్ల దళము పర్యవేక్షింపగా, నాలుగు సంస్థలు కలిసి దీని నమూనాను రచించినవి. వారిలో మాక్స్ అర్బాన్ వాస్తుశిల్పి. ఆంటన్ టెడెస్కో కట్టడపు బలమును లెక్కించిన ఇంజనీరు, పలుచని కాంక్రీటు పెంకు కప్పులను అమెరికాలో వ్యాపింపజేసిన ప్రసిద్ధుడు. వారియెదుట మొదట నిలిచిన ప్రశ్న, రాకెట్టు నిలుచు ఎత్తైన గదులను ఒకే వరుసలో పెట్టవలెనా, లేక వీపునకు వీపు ఆనునట్లు ఎదురెదురుగా పెట్టవలెనా యనునది. వరుసగా పెట్టిన భవనము పొడవుగా, పలుచగా నుండి, ప్రక్కనుండి వచ్చు పెనుగాలికి లొంగును. వీపునకు వీపు చేర్చినచో పెట్టెవంటి ఘనమైన ఆకారమేర్పడి గాలికి తట్టుకొనును. అంతియేకాక, నడుమ ఒక్క దారి యుండి, ఆ దారిలోని క్రేనులు రెండు వైపుల గదులకును ఉపయోగపడును. ఈ రెండవ విధమునే గ్రహించిరి. చూచువారికి అది అలంకారములేని పెట్టెగా తోచును. కాని ఆ నిరాడంబరత గాలితో చేసికొనిన ఒప్పందమని నా అభిప్రాయము. ఆ భవనము గంటకు 125 మైళ్ల వేగము గల గాలిని ఓర్చునట్లు లెక్కింపబడినది.

దాని కొలతలు చెప్పుదును. ఎత్తు 525 అడుగులు. పొడవు 716 అడుగులు. వెడల్పు 518 అడుగులు. ఆక్రమించిన నేల ఎనిమిది ఎకరములు. లోపలి ఘనపరిమాణము సుమారు 36 లక్షల ఘనమీటర్లు. నాలుగు ఎత్తైన గదులు, వానికి ప్రక్కన 210 అడుగుల ఎత్తు గల తక్కువ భాగము.

ఈ సంఖ్యలకంటె వినదగినది పునాది కథ. భవనము నిలిచిన మెరిట్ దీవి నేల ఇసుక, బురద, ఉప్పునీరు కలిసినది. గట్టి రాయి సుమారు 160 అడుగుల లోతునగాని దొరకదు. అందుచేత 16 అంగుళముల వ్యాసము గల ఉక్కు గొట్టములను, 4,225 సంఖ్యలో, ఆ రాతివఱకు దిగగొట్టిరి. అవి భవనపు బరువును మోయుట ఒక్కటియే కాదు. పెనుగాలి వీచినప్పుడు ఓడ తెరచాపవలె గాలిని పట్టు ఆ గోడలు భవనమును ఒక ప్రక్కకు పడద్రోయజూచును, అప్పుడు రెండవ ప్రక్కను నేలకు పట్టియుంచుటయు వాని పనియే. ఇంతలో ఇంకొక చిక్కు బయలుపడినది. ఉప్పునీటిలో నాటిన వేలకొలది ఉక్కు గొట్టములు సన్నని విద్యుత్ప్రవాహమును పుట్టించి, తమను తామే తుప్పుపట్టించుకొనును. కనుక ప్రతి గొట్టమునకును రాగితీగెను అతికి, దానిని నేలపలకలోని ఉక్కు కడ్డీలతో కలిపి, ఆ ప్రవాహమునకు దారి చూపవలసివచ్చెను. చంద్రమండలమునకు ప్రయాణము సాగించిన ఆ కాలపు ఇంజనీర్లలో కొందఱు నెలలకొలది నేలలోపలి తుప్పును గూర్చి తలపోయుచుండిరనుట నాకు ఎంతయో గౌరవము కలిగించును. ఎవరి కన్నునకును పడని ఆ రాగితీగెలమీద పైనున్న సమస్తమును ఆధారపడియున్నది.

పునాది పైకి వచ్చినపిమ్మట తొంబదివేల టన్నులకు చేరువైన ఉక్కు నిలిచినది. ఎత్తైన గదులకు పెట్టిన తలుపులు ప్రపంచములో అంతకుమునుపు ఎచ్చటను లేనివి. ఒక్కొక్క ద్వారము 456 అడుగుల ఎత్తు గలది. దాని ఆకారము క్రింద వెడల్పుగా, పైన సన్నముగా నుండును; ఏలయన క్రిందనుండి పోవలసినవి వెడల్పైన కదలు వేదికయు దానిని మోయు వాహనమును, పైనుండి పోవలసినవి సన్నని రాకెట్టును గోపురమును మాత్రమే. క్రిందిభాగపు తలుపులు ప్రక్కలకు జరుగును. పైభాగపు ఏడు పలకలు ఒకదానిపై నొకటిగా పైకి లేచును. అంతయు తెఱచుటకు ముప్పావుగంట పట్టును. నాలుగు వందలయేబది అడుగుల తలుపు ఒక్కటిగా చేసినచో గాలి దానిని విఱిచివేయును, లేదా దానిని కదలించుటకే ఒక మహాయంత్రము కావలెను. పలకలుగా విభజించుటచే ప్రతి పలకయు తన బరువును తానే సంభాళించుకొనును.

లోపలికి పోదము. ఆ లోపల పని చేయువారికి తొలుత కనబడునది ఎత్తు కాదట, చుట్టును నిలిచిన అంతస్తులట. రాకెట్టుచుట్టు కంఠహారమువలె చేరి, ఇరువైపులనుండి దగ్గఱకు వచ్చి మూసికొను పనివేదికలు అవి. మీదికి క్రిందికి జరుపుకొనుటకు వీలుగా నిర్మించినవి. భవనము కట్టునాటికి రాకెట్టు కొలతలు ఇంకను మాఱుచుండెను; ఎచ్చట ఏ కిటికీ తెఱువవలెనో, ఏ తంతి ఎన్ని అడుగుల ఎత్తున బయటికి వచ్చునో ఎవరును నిశ్చయముగా చెప్పజాలకుండిరి. అందుచేత ఇంజనీర్లు నిశ్చయమునకై కాచుకొనక, మార్పునకు చోటు విడిచి కట్టిరి. ఈ వివేకమే పిమ్మట యాబది సంవత్సరములు ఆ భవనమును బ్రతికించినది.

కప్పుక్రింద తిరుగు క్రేనులు వేఱొక విశేషము. వానిని నడుపువాడు నాలుగు వందల అడుగులకు పైబడిన ఎత్తున ఒక చిన్న గదిలో కూర్చుండును. క్రింద రెండు దశలు కలియు అంచు అతనికి స్పష్టముగా కనబడదు. కనుక అంచునొద్ద నిలిచినవాడు చెవిలో చెప్పెడి మాటయే అతనికి కన్ను. పదుల టన్నుల బరువు గల దశను, వ్రేలి మందముకంటె తక్కువ కొలతలలో దించుచు, వందల బోల్టుల రంధ్రములు ఒకదానికొకటి సరిపడునట్లు చేయవలెను. అంత పెద్ద భవనమును అంత సూక్ష్మమైన పనికొఱకే కట్టిరనుట తఱచుగా మఱతుము. గాలి చొరని గది లేనిచో ఆ సూక్ష్మత అసాధ్యము. అట్టి విశాలమైన ఆవరణమున తేమగాలి పైకి చేరి మేఘములు కట్టునను మాట ఒకటి లోకమున వ్యాపించియున్నది; అందలి అతిశయోక్తి ఎంతయైనను, సముద్రతీరపు తేమ యంత్రములమీద నీరుగా దిగకుండ కాపాడుట మాత్రము ఆ భవనమునకు నిత్యసమస్య. గాలిని చల్లబఱచి నడపుటకు పెట్టిన యంత్రసామగ్రి పదివేల టన్నుల శీతలీకరణ సామర్థ్యము గలది.

1963లో మొదలైన నిర్మాణమునకు 1965 ఏప్రిల్ 14వ తేదీన శిఖరపు దూలము ఎక్కెను. 1966లో భవనము పూర్తియయ్యెను. 1966 మే 25వ తేదీన, అనగా కెనెడీ ప్రసంగమునకు సరిగా ఐదేండ్లు నిండిననాడు, సాటర్న్ 5 నమూనాయొకటి, ఎగురుటకు గాక ఏర్పాట్లను పరీక్షించుటకు చేసినది, ఆ తలుపులలోనుండి మొదటిసారి వెలుపలికి వచ్చెను. జూన్ 8వ తేదీన ఆల్మా అను హరికేన్ సమీపించుచుండగా దానిని తిరిగి లోపలికి చేర్చిరి. పదునాలుగు దినములకే ఆ భవనము తన పుట్టుకకు గల కారణమును ఋజువుచేసికొనెను.

1969వ సంవత్సరపు పంచాంగమును చూడుడు. మార్చి 3వ తేదీన అపోలో 9, మే 18వ తేదీన అపోలో 10, జూలై 16వ తేదీన అపోలో 11 ఎగిరినవి. అపోలో 10 లేచిన రెండవనాడు, అనగా మే 20న, అపోలో 11 భవనమునుండి వెలువడి వేదికదారి పట్టెను. నాలుగున్నర మాసములలో మూడు మహారాకెట్లు! ఒక్కొక్కదానిని వేదికపైనే కూర్చు పాత పద్ధతిలో ఇది సాధ్యము కాదు. చంద్రునిపై అడుగిడినవారి పేర్లు మనకు కంఠస్థములు. ఆ వేగమును సాధ్యముచేసిన కట్టడమునకును ఆ విజయములో ఒక పాలు కలదని నేను దృఢముగా నమ్మెదను.

ఇదే ప్రశ్నకు సోవియట్ ఇంజనీర్లు వేఱొక సమాధానము చెప్పిరి. కజకిస్థాన్ మైదానమున బైకనూర్‌లో వారు రాకెట్టును పొడవైన శాలలో పరుండబెట్టి కూర్చి, రైలుపట్టాలపై అట్లే వేదికకు తెచ్చి, అచ్చట నిలువబెట్టెడివారు. ఇందు లాభములు స్పష్టములు: భవనమునకు మహోన్నతి అక్కఱలేదు; పనివాడు నిచ్చెనమీద నిలిచి ఏ భాగమునైనను అందుకొనగలడు; గడ్డకట్టు చలిగాలిలో వేదికయొద్ద గడపవలసిన కాలము తగ్గును. దానికి వెల ఏమనగా, రాకెట్టు పరుండియున్నప్పటి బరువును, లేపునప్పటి వంపును ఓర్చుకొనగల బలముతో దానిని చేయవలెను. చంద్రయాత్రకై వారు తలపెట్టిన ఎన్1 రాకెట్టునుకూడ ఇట్లే కూర్చి, ఒకదాని ప్రక్క ఒకటిగా వేసిన రెండు పట్టాలమీద రెండు ఇంజనులతో లాగించిరి. ఆ రాకెట్టు నాలుగు పర్యాయములును విఫలమయ్యెను. అది భవనపు దోషము కాదు. కాని ఆ మహాశాలకు పిమ్మట పట్టిన గతి మాత్రము తలచుకొనినపుడెల్ల మనస్సు కలతపడును. ఎనర్జియా రాకెట్టును, 1988లో ఆకాశయానము చేసి వచ్చిన బురాన్ నౌకను అందులోనే ఉంచిరి. దేశము విచ్ఛిన్నమై, నిధులు తరిగి, ఆలనాపాలనా లోపించిన కాలమున, 2002 మే 12వ తేదీన, కప్పునకు మరమ్మతులు జరుగుచుండగా ఆ కప్పు కూలి, ఎనిమిదిమంది మరణించిరి. బురాన్ నౌక నుగ్గయ్యెను. విశాలమైన కప్పు గల ఏ శాలయైనను, కట్టిననాటి ధనముతో నిలువదు. ఏటేట దానిపై వెచ్చించు శ్రద్ధతో నిలుచును.

ఫ్లోరిడా భవనమునకు అట్టి దుర్గతి పట్టలేదు గాని, దెబ్బలు తగులకపోలేదు. 2004లో వచ్చిన ఫ్రాన్సెస్ హరికేన్ దాని గోడలనుండి ఎనిమిది వందలకు పైగా రేకులను ఊడబెఱికెను. అయినను, అది తాను ఏ రాకెట్టుకొఱకు కట్టబడెనో ఆ రాకెట్టు పోయినపిమ్మటకూడ పనిలేక నిలువలేదు. సాటర్న్ 5 పదుమూడుసారులు ఎగిరి 1973లో విరమించెను. నాలుగు గదులలో మూడింటినే ఆ రాకెట్టునకై సిద్ధపఱచిరి. నాలుగవది ఖాళీగా మిగిలెను. దీనిని దుబారా యని ఆక్షేపించినవారు కలరు. నేనట్లు తలపను. 1980 డిసెంబరు చివర తొలి స్పేస్ షటిల్ అచ్చటనుండియే వెలువడెను. విమానాకారమున నున్న ఆ నౌకను నడుమదారిలోనికి తెచ్చి, క్రేనులతో ఎత్తి, ముక్కు ఆకసమునకు తిరుగునట్లు నిలువబెట్టి, ఇంధనపు తొట్టెకు తగిలించెడివారు. ద్వారమును కొంత వెడల్పు చేయవలసివచ్చినది, అంతియే. ముప్పదేండ్లు ఆ పని సాగినది. 2022లో చంద్రుని చుట్టివచ్చిన ఆర్టెమిస్ 1 యాత్రయొక్క రాకెట్టుకొఱకు మూడవ గదిలో పది అంతస్తుల క్రొత్త పనివేదికలు అమర్చిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇయన్ అను హరికేన్ వచ్చుచుండగా, 1966లో వలెనే, రాకెట్టును వేదికనుండి వెనుకకు తెచ్చి లోపల దాచిరి. నవంబరు 16న అది ఎగిరెను.

షటిల్ కాలమున వచ్చిన ఒక మార్పును గూర్చి చెప్పక తప్పదు. సాటర్న్ దశలు భవనములో నున్నంతకాలము ఖాళీ తొట్లే. వాని ఇంధనమును వేదికవద్దనే నింపెడివారు. షటిల్ ప్రక్కనుండు బూస్టర్లలో ఘన ఇంధనము కర్మాగారముననే పోసి పంపుదురు కనుక, భవనములోనికి వచ్చునప్పటికే వానిలో అగ్ని నిద్రించుచుండును. అందుచేత వానిని కూర్చునప్పుడు లోపలనుండు మనుష్యుల సంఖ్యను పరిమితము చేయవలసివచ్చెను. భవనము అదియే, కప్పు అదియే. అందు మనుష్యుడు నడచుకొను రీతి మాఱినది.

ఈ విషయమే మనలను శ్రీహరికోటకు తీసికొనివచ్చును. పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న ఆ దీవిపై 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు తొలుత లేచెను. అచ్చటను ఉప్పుగాలియే, అచ్చటను తుపానులే. ఫ్లోరిడావారిని బాధించిన ప్రశ్నలే మన ఇంజనీర్లను బాధించినవి. 1993లో పీఎస్ఎల్‌వీ రాకెట్టుకై కట్టిన మొదటి ప్రయోగవేదికవద్ద వారు చేసిన ఏర్పాటు పాత ఆచారమునకు ఒక గంభీరమైన రూపము. రాకెట్టు వేదికపైనే నిలుచును. దానిని కప్పియుంచు 76 మీటర్ల ఎత్తు గల మొబైల్ సర్వీస్ టవర్, మూడువేల టన్నుల బరువుతో, పట్టాలపై చేరవచ్చి, పని ముగిసినపిమ్మట వెనుకకు తొలగును. ఇచ్చట కదలునది రాకెట్టు కాదు, ఇల్లు. ఈ పద్ధతిలో మన దేశము ఎన్నో విజయములను సాధించినది. కాని ఒక ప్రయోగమునకును మఱియొక ప్రయోగమునకును నడుమ వేదిక నెలలకొలది చిక్కువడుటయు అట్లే సాగినది.

2005 మే 5వ తేదీన పీఎస్ఎల్‌వీ-సీ6 ఎగిరిన రెండవ ప్రయోగవేదికతో ఆ స్థితి మాఱెను. వేదికకు సుమారు ఒక కిలోమీటరు దూరమున ఎనుబది మీటర్లకు పైబడిన ఎత్తుతో వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్ లేచినది. శ్రీహరికోటలో పనిచేయువారు దానిని వ్యాబ్ అని పిలుతురు. రాకెట్టును కదలు పీఠముపై అందులో అనుసంధానించి, పట్టాలమీదుగా వేదికకు చేర్తురు. ఫ్లోరిడా భవనముతో పోల్చినచో ఇది ఎత్తులో సగమే. కాని మన రాకెట్టునకు ఎంత వలయునో అంతయే కట్టుట లోపము కాదు, లెక్క. మన రాకెట్లలో ఘన ఇంధనము ప్రధానమగుటచేత వేఱొక జాగ్రత్తయు తీసికొనిరి. ఎల్‌వీఎం3 రాకెట్టునకు ఇరుప్రక్కల నుండు ఎస్200 బూస్టర్లలో ఒక్కొక్కదానియందు సుమారు రెండువందల టన్నుల ఘన ఇంధనముండును. వానిని ప్రత్యేకముగా కట్టిన ఘనదశల కూర్పుశాలలో, కదలు పీఠముపై ముక్కముక్కగా నిలిపి, పిమ్మట ఆ పీఠమును వ్యాబ్‌లోనికి తెచ్చి, ద్రవ ఇంధనపు నడిమిదశను, దానిపై అతిశీతల దశను చేర్తురు. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3ను మోసిన రాకెట్టు ఈ దారిలోనే వచ్చినది.

మొదటి వేదికను గూర్చియు మనవారు ఊరకుండలేదు. దానికి కొంత దూరమున పీఎస్ఎల్‌వీ అనుసంధాన భవనమును కట్టి, 2023 ఏప్రిల్ 22న ఎగిరిన పీఎస్ఎల్‌వీ-సీ55తో దానిని వాడుకలోనికి తెచ్చిరి. 2024 డిసెంబరు 30న స్పేడెక్స్ ఉపగ్రహములను మోసిన సీ60 రాకెట్టును నాలుగవ దశవఱకు ఆ భవనములోనే కూర్చి, పిమ్మట పట్టాలమీద మొబైల్ సర్వీస్ టవర్ చెంతకు చేర్చిరి. కదలెడు ఇంటికి కదలెడు రాకెట్టు ఎదురువచ్చిన ఏర్పాటిది. పాత గోపురమును పడద్రోయక, క్రొత్త పద్ధతిని దానికి తగిలించిన ఈ పొదుపు నాకు మిక్కిలి ప్రీతికరము. ఒక రాకెట్టు వేదికపై తుది పరీక్షలు పొందుచుండగా, వేఱొకటి దూరపు నీడలో దశ వెనుక దశగా పెరుగుచుండును.

2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గము శ్రీహరికోటలో మూడవ ప్రయోగవేదికకు అనుమతినిచ్చి, 3,984.86 కోట్ల రూపాయలు మంజూరుచేసి, నాలుగేండ్ల గడువు విధించెను. తక్కువ ఎత్తు కక్ష్యకు 30 టన్నులవఱకు మోయవలెనని సంకల్పించిన క్రొత్త తరపు రాకెట్టు అచ్చటనుండి లేవవలసియున్నది. ఆ రాకెట్టు రూపు ఇంకను దిద్దుకొనుచునే యున్నది. అయినను దానికి వలయు తలుపు ఎత్తెంతయో, నేలలో గొట్టములు ఎంత లోతు దిగవలెనో, పనివేదికలను ఎంతవఱకు జరుపుకొనుటకు వీలుండవలెనో మన ఇంజనీర్లు ఇప్పుడే లెక్కింపవలసియున్నది.